చాబీ ఇచ్చిన చేతిదే జిమ్మేదారి



మన పల్నాడులో బండి నేర్చుకోవడానికి ఆర్టీవో ఆఫీసుకు ఎవరూ పోరు. లైసెన్సు ఇంట్లోనే దొరుకుతుంది. ఎనిమిదేళ్లకు పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టి హ్యాండిల్ పట్టిస్తాం. పన్నెండేళ్లకు ఎక్సెల్ బండిచ్చి వీధి చివరి దుకాణానికి పాల ప్యాకెట్ కోసం పంపుతాం. పద్నాలుగేళ్లకు ట్యూషన్‌కు. పదిహేనేళ్లకు చెల్లెల్ని వెనక ఎక్కించుకుని స్కూలుకు. ఇంటర్లో చేరాడంటే ఇక సాహెబ్‌కు పల్సర్ కావాలి. కొనివ్వకపోతే అన్నం తినడు. అమ్మీ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అబ్బా ఫైనాన్స్ ఆఫీసు మెట్లెక్కుతాడు. ఇదీ మన ఇళ్లల్లో నడిచే కానూన్.

అంటే ఏటికో మెట్టు చొప్పున మెట్లయితే ఉన్నాయి. ఆ మెట్ల దగ్గర ఇమ్తెహాన్ లేదు. ఆపేవాడు లేడు. "ఇంకా నీకు వఖ్త్ రాలేదు బేటా" అనే నోరు లేదు.

ఇలా రాస్తే చాలామంది నారాజ్ అవుతారని తెలుసు. అయినా రాయాల్సిందే. జనాజా లేచిన ఇంటికి పుర్సాకు వెళ్లి, "అల్లా మర్జీ" అని తల ఊపి, బయటికొచ్చి మన పదిహేనేళ్ల కొడుకు నడిపే బండి వెనకే కూర్చుని ఇంటికి పోయే అలవాటు మనలో ముదిరిపోయింది. అల్లా మర్జీని ఎవరు కాదంటారు? కానీ చాబీ ఇచ్చింది మన చెయ్యి.

ముందు కానూన్ సంగతి చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 4 ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు పబ్లిక్ రోడ్డు మీద మోటారు బండి నడపకూడదు. ఒక్క మినహాయింపు ఉంది. 16 నిండినవాళ్లు 50 సీసీ దాటని బండి నడపొచ్చు. దానికీ లైసెన్సు తీసుకోవాలి, వాల్దైన్ రాసి సంతకం పెట్టాలి. వినడానికి బాగుంది. ఇప్పుడు నరసరావుపేటలో ఏ షోరూముకైనా పోయి 50 సీసీ పెట్రోల్ బండి చూపించమనండి. నవ్వి పంపిస్తారు. ఎరువు బస్తా వేసుకుని పొలానికి పోయే ఎక్సెల్ హండ్రెడే 99 సీసీ దాటింది. ఆడపిల్లల స్కూటీ అనుకునేవి 110, 125. పాత లూనాల జమానాలో రాసుకున్న మినహాయింపు ఆ లూనాలతోనే పాత ఇనుముకు పోయింది.

కాబట్టి మన దేశంలో మిగిలింది మెట్లు లేని మేడ. 18వ పుట్టినరోజు ముందు రాత్రి దాకా సున్నా. ఆ తర్వాత లెర్నర్ లైసెన్సు, 30 రోజులు ఆగితే పక్కా లైసెన్సుకు దరఖాస్తు. గ్రౌండ్‌లో ఎనిమిది అంకె వేసి చూపిస్తే సరి. కార్డు చేతికొచ్చిన రాత్రే పన్నెండింటికి, వానలో, దోస్త్‌ని వెనకెక్కించుకుని, సిమెంటు లారీల మధ్య పిడుగురాళ్ల దగ్గర అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు ఎక్కేయొచ్చు. కానూన్ అడ్డు చెప్పదు.

తమాషా ఏమంటే ఈ చట్టానికి మెట్ల సంగతి తెలియక కాదు. లారీ స్టీరింగ్ పట్టాలంటే 20 ఏళ్లు నిండాలి, అంతకుముందు లైట్ మోటార్ లైసెన్సు ఒక ఏడాది చేతిలో ఉండాలి అని ఇదే చట్టం రాసుకుంది. లారీకి మెట్టు కావాలన్నవాళ్లు, ఎక్కువ మందిని మట్టిలో కలిపే రెండు చక్రాల బండికి అక్కర్లేదనుకున్నారు. 2022లో దేశం మొత్తం మీద రోడ్లు తిన్న ప్రాణాలు 1,68,491. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. అందులో వందకు 44 మంది టూ వీలర్ల మీద ఉన్నవాళ్లే.

మన పిల్లలు పోయి స్థిరపడుతున్న దేశాల్లో ఏం చేస్తున్నారో కూడా చూడండి. న్యూజీలాండ్ 1987లోనే మెట్ల పద్ధతి పెట్టింది. ముందు లెర్నర్. తర్వాత షరతులున్న లైసెన్సు. ఆఖరుకు పూర్తి లైసెన్సు. రెండో మెట్టు మీద ఉన్నవాడు రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకా ఒంటరిగా బండి తీయకూడదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో కారు నేర్చుకునే కుర్రాడు, పెద్దవాళ్లు పక్కన కూర్చోగా, 120 గంటలు నడిపినట్టు పుస్తకంలో రాసి చూపించాలి. అందులో 20 గంటలు రాత్రివి. ఆ తర్వాత బండికి ఎర్ర 'పీ' అక్షరం, తర్వాత పచ్చ 'పీ' అక్షరం. అమెరికాలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో కొత్త లైసెన్సున్న టీనేజర్ రాత్రి 11 దాటాక తెల్లవారి 5 దాకా నడపకూడదు. దోస్తుల్ని గుంపుగా ఎక్కించుకోకూడదు. నంబర్ ప్లేటుకు చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించుకోవాలి.

ఎందుకీ బంధనాలు? ఆ దేశాలకు పిల్లలంటే దుష్మనీయా? కాదు. కుర్రాళ్ల చేతిలో బండి ఎప్పుడు మౌత్ అవుతుందో వాళ్లు లెక్కలు తీసి చూసుకున్నారు. మూడు చోట్ల దొరికింది జవాబు. రాత్రి పూట. పక్కనో వెనకో ఈడువాళ్లు ఉన్నప్పుడు. తజర్బా లేని మొదటి నెలల్లో. అందుకే మొదటి మెట్టు మీద ఆ మూడింటినీ కట్టేశారు. నెమ్మదిగా ఒక్కొక్క ముడీ విప్పుతారు. పిల్లవాడికి బండి ఇవ్వొద్దని కాదు వాళ్లు చెప్పేది. ఒకేసారి మొత్తం ఇవ్వొద్దని.

మన దగ్గర మెట్లు లేవు గానీ లాఠీ ఉంది. 2019లో చట్టం మార్చి సెక్షన్ 199ఏ అని ఒకటి చేర్చారు. నాబాలిగ్ బండి నడుపుతూ నేరం చేస్తే అబ్బా అయినా, బండి ఓనరైనా కసూర్‌వార్. మూడేళ్ల దాకా ఖైద్, 25 వేల జుర్మానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. "నాకు తెలియకుండా తీసుకుపోయాడు సార్" అంటే సరిపోదు. మనం చాబీ ఇచ్చామనే కోర్టు అనుకుంటుంది. ఇవ్వలేదని, జాగ్రత్తపడ్డామని రుజువు చేసుకోవాల్సింది మనం.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. అదేమిటో మన మొహల్లాల్లో నూటికి తొంభైమందికి తెలియదు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లెర్నర్ లైసెన్సు కూడా ఇవ్వరు.

డబ్బున్నవాడికి ఇదొక చికాకు, అంతే. డ్రైవర్‌ను పెట్టుకుంటాడు. మన సంగతి ఆలోచించండి. మాచర్లలో, గురజాలలో, నరసరావుపేటలో మన వాళ్ల రోజీ రోటీ దేని మీద? మెకానిక్ షెడ్డు, టింకరింగ్, ఆటో, లారీ, పండ్ల బండి. చదువుకున్నవాడైతే డెలివరీ పని, కాస్త అదృష్టం ఉంటే గల్ఫ్‌లో డ్రైవర్ వీసా. అన్నిటికీ ఆ ఒక్క కార్డే తాళంచెవి. పదహారేళ్లప్పుడు ఒక సాయంత్రం షౌక్ కోసం తిప్పిన బండి, తొమ్మిదేళ్ల రోజీని తినేస్తుంది. రిపేరుకొచ్చిన బండిని ట్రయల్ చూడమని పదిహేనేళ్ల షాగిర్ద్ చేతికిచ్చే ఉస్తాద్‌లు కూడా ఈ మాట చెవిన వేసుకోవాలి. ఆ బండి మీది కాదు. ఆ పిల్లవాడూ మీ వాడు కాదు. రెండూ మీ దగ్గర అమానత్.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. ఉంది. ఎవరికో తెలుసుకోండి. మీ అబ్బాయి ఎవరినైనా గుద్దితే, లైసెన్సు లేదని తేలితే, కంపెనీ చాలా కేసుల్లో బాధితులకు ముందు చెల్లిస్తుంది, తర్వాత ఆ మొత్తం మీ దగ్గర వసూలు చేసుకుంటుంది. 2004లో సుప్రీంకోర్టు ఖరారు చేసిన దారి ఇది. 2011లో అదే కోర్టు ముందుకు ఒక నాబాలిగ్ కేసు వచ్చింది. చాబీ తనకు తెలియకుండా తీసుకుపోయాడని బండి ఓనర్ మొరపెట్టుకున్నా, చెల్లించే భారం ఆయన మీదే పడింది. ఇక మీ అబ్బాయే పోతే? బండి పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది. అది లైసెన్సు ఉన్న ఓనర్‌కు. నాబాలిగ్‌కు పైసా రాదు. ఇల్లు పోతుంది, పిల్లవాడూ పోతాడు.

"మన చిన్న ఊళ్లలో అంత ఘోరాలు ఎందుకు జరుగుతాయి భాయ్, అవి పుణెల్లో" అంటారా? పుణెలో 2024 మే 19న 17 ఏళ్ల కుర్రాడి కారు ఇద్దరు యువ ఇంజనీర్లను చంపింది. రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయాలన్న షరతుతో ఆ రోజే బెయిల్ దొరికింది. దేశమంతా భగ్గుమంది. సరే, అది మహానగరం, అది పెద్దింటి కారు. మరి కరీంనగర్? 2022 జనవరి 30 తెల్లవారుజామున రోడ్డు పక్క ఉన్నవాళ్ల మీదికి కారు దూసుకుపోయింది. నలుగురు ఆడవాళ్లు పోయారు. పొట్టకూటి కోసం రోడ్డు పక్కనే బతుకుతున్న గరీబులు. కారు నడిపింది నాబాలిగ్. పోలీసులు తండ్రినీ అరెస్టు చేశారు. ఆ నలుగురి పిల్లలకు ఏ వ్యాసం అమ్మను తెచ్చిస్తుంది?

మనం ఎప్పుడూ మన పిల్లవాడికి దెబ్బ తగులుతుందేమో అని మాత్రమే భయపడతాం. వాడి బండి కింద పడేవాళ్ల సంగతి ఆలోచించం. మిర్చి కోతకు పోయి సందెవేళ రోడ్డు పక్కన నడిచొచ్చే కూలీ తల్లి, ఫజర్‌కు మస్జిద్‌కు పోయే ముసలి చాచా, బస్సు దిగి రోడ్డు దాటే బచ్చీ. వీళ్ల హక్ మన మెడ మీద ఉంది. హుఖూఖుల్ ఇబాద్ గురించి బయాన్లు వింటాం. బందాల హక్‌లో మొదటిది ప్రాణం కాదా?

ఇక మన బహానాలు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, బస్సు లేదు. ఇందులో నిజం ఉంది, ఒప్పుకుంటా. కాలేజీ టైముకు ఊరి బస్సు రాదు, వచ్చినా కాలు పెట్టే జాగా ఉండదు. ఇది ప్రభుత్వం కసూర్. కానీ ఈ బాధ మీద మనం ఎన్నిసార్లు డిపో మేనేజర్‌కు అర్జీ పెట్టాం? పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. కలెక్టర్ నరసరావుపేటలోనే కూర్చుంటారు. పది ఊళ్ల తల్లిదండ్రులు సంతకాలు చేసి ఇస్తే కాగితం కదులుతుంది. లక్ష రూపాయల బండికి కిస్తీలు కట్టే ఓపిక ఉంది, ఒక అర్జీ రాసే ఓపిక లేదా?

రెండోది, పిల్లవాడు బాలిగ్ అయ్యాడు, నమాజ్ ఫర్జ్ అయ్యింది, బండి ఎందుకు కాదు. ఈ మాట చదువుకున్నవాళ్ల నోట కూడా వింటున్నా. బులూగ్ ఒకటి, రుష్ద్ ఒకటి. యతీముల ఆస్తి గురించి సూరా నిసా ఏమంటుంది? వాళ్లు నికాహ్ వయసుకు చేరేదాకా పరీక్షిస్తూ ఉండమంటుంది. వాళ్లలో రుష్ద్, అంటే వివేకం, కనబడినప్పుడే ఆస్తి అప్పగించమంటుంది. డబ్బు సంచికే ఇంత ఎహతియాత్ చెప్పిన దీన్, ప్రాణాలు తీయగల యంత్రానికి వద్దంటుందా? ఉహుద్ నాడు 14 ఏళ్ల అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) జంగ్‌కు ముందుకొచ్చారు. రసూలుల్లాహ్ (స) ఇజాజత్ ఇవ్వలేదు. ఖందఖ్ నాటికి ఆయనకు 15 నిండాయి. అప్పుడు ఇచ్చారు. ఆ పిల్లవాడిలో జోష్ తక్కువై ఆపలేదు. జోష్ ఉంటే చాలదని ఆపారు. "చూడండి, 15కే ఇచ్చారు కదా" అని లెక్క పట్టుకుని ఎగరొద్దు. చూసి, తూచి, కాదని చెప్పిన పెద్దరికం ఉందే, నేర్చుకోవాల్సింది అది.

మూడోది, తఖ్దీర్. ఒంటెను కట్టేసి తర్వాత తవక్కుల్ చెయ్యమన్న హదీసు మదర్సా పిల్లవాడికి కూడా కంఠతా వచ్చు. హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించి, తలను గాలికి వదిలేసి, తఖ్దీర్ అనడం తవక్కుల్ కాదు. గఫ్లత్.

నాలుగోది నోటితో చెప్పరు గానీ గుండెల్లో ఉంటుంది. మర్దానగీ. పల్నాటి పౌరుషం. ఎనిమిది వందల ఏళ్లకు పైగా కారంపూడి యుద్ధం చెప్పుకుంటున్న నేల ఇది. పసివాడైన బాలచంద్రుడు రణానికి పోతానంటే ఈ నేల మీసం తిప్పుతుంది. ఆ కథలోనే తల్లి ఐతాంబ కూడా ఉందని ఎవరికీ గుర్తుండదు. కొడుకు చెవిన యుద్ధం మాట పడకుండా దాచాలని తంటాలు పడ్డ తల్లి ఆమె. మన కొడుకు ముందు చక్రం లేపి రీల్ తీస్తే లైకులు కొట్టే మామూలు, చాచాలు, ఆ తల్లి వైపు నుంచి ఒక్కసారి ఆ కథ వినాలి.

ఇంకో మాట, అబ్బాలకు కాస్త గట్టిగానే. పదిహేనేళ్ల కొడుకుకు బండిస్తారు. వాడికి లైసెన్సు రాదు. పంతొమ్మిదేళ్ల కూతురు డిగ్రీ చదువుతోంది. ఆమెకు లైసెన్సు వస్తుంది, కానూన్ ఇజాజత్ ఇస్తుంది. ఆమె స్కూటీ నేర్చుకుంటానంటే "లోగ్ క్యా కహెంగే" అంటారు. ఆఖరుకు ఆ కూతురిని ఆ కొడుకే వెనక కూర్చోబెట్టుకుని కాలేజీలో దింపుతాడు. రుష్ద్ ఉన్నది వెనక సీట్లో, లేనిది ముందు సీట్లో. దీన్ని ఇజ్జత్ అంటున్నాం. బస్సు లేని ఊళ్లో ఇంటికి నిజంగా బండి అవసరమైతే, 18 దాటిన కూతురికి నేర్పించండి, లైసెన్సు తీయించండి. ఇల్లు గడుస్తుంది, ప్రాణాలూ నిలుస్తాయి.

రమ్‌జాన్ రాత్రుల సంగతి వేరే చెప్పాలి. తరావీహ్ అయ్యాక సహరీ దాకా, షబె బరాత్, షబె ఖద్ర్ రాత్రులు, ఈద్ రోజు సాయంత్రం మన వీధుల్లో ఒక్కో బండి మీద ముగ్గురేసి నాబాలిగ్‌లు. సైలెన్సర్ తీసేసిన మోత. ఇబాదత్ రాత్రిని ఇలా గడిపి, మర్నాడు ఠాణా ముందు పెద్దలం చేతులు కట్టుకుని నిలబడతాం. పైన చెప్పిన మూడు ప్రమాదాలూ, అంటే రాత్రి, దోస్తులు, తజర్బా లేని చెయ్యి, ఒకే బండి మీద కలిసి కూర్చునే రాత్రులు ఇవి. మస్జిద్ కమిటీలు చందాల లెక్క చదివే మైకులోనే ఒక్క ఎలాన్ చెయ్యలేవా? నాబాలిగ్ బండి మీద వస్తే గేటు దగ్గర చాబీ తీసుకుని, నమాజ్ తర్వాత అబ్బా చేతికి మాత్రమే ఇస్తామని. జుమా ఖుత్బాకు ముందు బయాన్‌లో ఏడాదికి రెండుసార్లయినా ఈ మాట రాదా?

హుకూమత్‌ను అడగాల్సినవీ ఉన్నాయి. శిక్ష రాసిన చేతితోనే మెట్లు కూడా రాయండి. చచ్చిపోయిన 50 సీసీ మినహాయింపును తీసేసి, ఇప్పటి బండ్లకు తగ్గ మొదటి మెట్టు పెట్టండి. కొత్త లైసెన్సుకు మొదటి ఏడాది రాత్రి ప్రయాణం, వెనక సీటు, హైవే, ఈ మూడింటి మీద షరతు పెట్టండి. 30 రోజుల లెర్నర్ గడువు హాస్యం, దాన్ని నెలల్లోకి మార్చండి. ఎనిమిది అంకె కాదు, నిజమైన రోడ్డు మీద ఇమ్తెహాన్ పెట్టండి. ఎవరికీ దెబ్బ తగలని మొదటి తప్పుకు, ప్రాణం తీసిన తప్పుకు ఒకే 25 ఏళ్ల తాళం వేయడం ఇన్సాఫ్ కాదు, దాన్నీ సరిచేయండి. మెట్లు కట్టకుండా మేడ మీంచి పడ్డవాడి కాళ్లు విరగ్గొట్టడం ఏ రకం కానూన్?

హుకూమత్ కదిలేదాకా ఇల్లు ఆగనక్కర్లేదు. ఆ మెట్లు మన ఇంట్లోనే కట్టుకోవచ్చు. 18 నిండేదాకా పెట్రోల్ బండి చాబీ పిల్లల చేతికి అందే మేకుకు తగిలించొద్దు. సైకిల్ కొనివ్వండి, రోడ్డు దాన్నుంచే తెలుస్తుంది. 18 నిండాక లెర్నర్ లైసెన్సు, బండికి ఎల్ బోర్డు, లైసెన్సున్న పెద్దవాడి తోడు. పక్కా లైసెన్సు వచ్చినా మొదటి ఆరు నెలలు మగ్రిబ్ తర్వాత బండి బయటికి పోదు. ఏడాది దాకా దోస్తులు వెనక ఎక్కరు, సాగర్ రోడ్డు, హైవే లేదు. హెల్మెట్ లేకపోతే ఆ వారం చాబీ లేదు. ఈ షరతులు కాగితం మీద రాసి బాప్ బేటా ఇద్దరూ సంతకం చెయ్యండి. నికాహ్‌నామాకు గవాహీ పెట్టుకునే ఖౌమ్ మనది. దీనికి అమ్మీని గవాహ్‌గా పెట్టుకోండి.

కొడుకు అలుగుతాడు. రెండు రోజులు అన్నం మానేస్తాడు. "ఫలానా వాళ్ల అబ్బా ఇచ్చాడు" అంటాడు. అననివ్వండి. అలిగిన కొడుకును మూడో రోజు పిలిచి బిర్యానీ తినిపించుకోవచ్చు. కాదని చెప్పడం కూడా మొహబ్బతే. మనం చాబీ ఇచ్చినప్పుడు నవ్విన ఆ మొహాన్ని కఫన్ తొలగించి చూడాల్సి వస్తే, మూడో రోజు మన ఇంట్లో జరిగేది జియారత్.

ఈ రాత్రే ఇంట్లో ఆ చాబీ ఏ మేకుకు వేలాడుతోందో చూడండి. తీసి మీ జేబులో వేసుకోండి.

ఖుదా హాఫిజ్.